ఏ మసి తీయవలెను, ఏ మసి నిలుపవలెను?

జనగామనుండి సూర్యాపేటకు పోవు దారిలో దేవరుప్పుల ఉన్నది. ఈ ప్రాంతమున పొగాకు అనగానే మొదట జ్ఞాపకమునకు వచ్చునది చుట్టయే. మోదుగాకులో చిటికెడు పొగాకు పెట్టి, వ్రేళ్లతో బిగించి చుట్టి, చెవిమీద దోపుకొని పొలమునకు బయలుదేరిన తాతలను గూర్చి వినని కుటుంబము తెలంగాణమున అరుదు. వారి మొలలో చకుముకి సంచి ఉండెడిది. అందులో ఒక రాయి, ఒక ఉక్కుముక్క, కొంత దూది. రాతిపై ఉక్కు తగిలినంతనే రవ్వ లేచి దూదిని అంటుకొనెడిది. దానిని ఊది ఊది నిప్పు చేసికొని చుట్ట ముట్టించుకొనెడివారు. అగ్గిపెట్టె వచ్చిన తరువాత ఆ సంచి పోయినది. బీడీ వచ్చిన తరువాత చుట్టయు వెనుకబడినది. భూపాలపల్లి, ములుగు, మహబూబాబాదు అడవులలో వేసవియందు కోసి కట్టలు కట్టు తునికాకు ఆ బీడీలకే పోవును.

చుట్టకును బీడీకిని ఒక సామాన్యగుణము కలదు. రెండును కాలి బూడిద యగును. తండ్రి కాల్చిన చుట్ట కొడుకునకు వారసత్వముగా రాదు. అట్లు వచ్చునవి వేరు: హుక్కా బుడ్డి, మట్టి చిలుము, కొయ్య పైపు. ఇల్లు మారునప్పుడో, పాత యింటి అటక దులుపునప్పుడో ఇట్టిది ఒకటి బయటపడును. లోపల గట్టిపడిన మసి, వెలుపల జిడ్డు, మూతి దగ్గర ఎప్పుడో పోయినవారి పంటిగాట్లు. దానిని చేతబట్టుకొన్న గృహస్థునకు సాధారణముగా రెండు దారులు తోచును. పాత సామానులవానికి తూకమునకు వేయుట ఒకటి; తళతళలాడునట్లు తోమి అద్దాల బీరువాలో నిలుపుట రెండవది. మూడవ దారి కూడ ఒకటి ఉన్నది. ఏ పనికై అది పుట్టినదో ఆ పనికి మరల తగినట్లుగా దానిని బాగుచేయుట. లోకమున ఈ వ్యసనము కలవారు కొద్దిమందియే గాని, వారి సంతోషము చిన్నది కాదు. ఎవరు ఈ పనికి పూనుకొన్నను వారికి మొదట ఎదురగు ప్రశ్న ఒక్కటే. ఈ వస్తువుమీది నలుపులో ఏది మురికి, ఏది దాని ప్రాణము?

జనగామకు సమీపముననే, హైదరాబాదు బాటపై, పెంబర్తి గ్రామము కలదు. అచ్చటి పనివారు ఇత్తడి రేకును సుత్తిదెబ్బలతో లేపి బొమ్మలు, లతలు తీర్చుటలో ప్రసిద్ధులు. దేవాలయముల వాహనములకును, రథములకును తొడుగులు చేసిన చేతులే, నిజాము ప్రభువుల కాలమున పాన్‌దానులు, అత్తరుదానులు చేసినవి. ఆ చుట్టుపట్ల గృహిణులకు ఇత్తడిని ఎట్లు శుద్ధి చేయవలెనో ఒకరు చెప్పనక్కరలేదు. నానిన చింతపండు, కొంచెము బూడిద, పిడికెడు కొబ్బరిపీచు. చింతపండు పులుపునకు ఇత్తడి పట్టిన చిలుము కరగిపోవును. మంచినీటితో కడిగి పొడిగుడ్డతో తుడిచినంతనే పసిడిరంగు బయటపడును. ఇత్తడి హుక్కా బుడ్డికి ఈ వైద్యము చాలును. ఆ నలుపు, ఆ పచ్చదనము పైనుండి వచ్చి చేరినవి గాని లోహమునకు సొంతమైనవి కావు.

చిక్కంతయు బిదరీ హుక్కా దగ్గర వచ్చును. ఇత్తడికి అలవాటుపడిన చేయి దానిమీద పడినచో నూటయేబది యేండ్ల పనితనము ఒక్క సాయంకాలములో మాయమగును. బీదరు 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు హైదరాబాదు రాజ్యములోనిదే కనుక, ఆ పనితనపు హుక్కాలు తెలంగాణపు పెద్ద యిండ్లలో ఉండుట సహజము. యశదములో కొద్దిపాటి రాగి కలిపి పోత పోయుదురు. దానిపై ఉలితో పూవులు, తీగలు చెక్కి, ఆ గాట్లలో వెండి రేకును, వెండి తీగను దిగగొట్టుదురు. అప్పటికి ఆ బుడ్డి బూడిదవన్నెలో ఉండును. వెండికిని దానికిని భేదము కంటికి అంతగా ఆనదు. పిమ్మట బీదరు కోటలోని పాతమన్నును నవాసారముతో కలిపి ముద్దచేసి, వేడిచేసిన బుడ్డికి పట్టించుదురు. యశదమున్న లోహము క్షణములో కాటుక నలుపు తిరుగును. వెండికి మాత్రము ఏమియు కాదు. అమావాస్య ఆకాశమున నక్షత్రములవలె పూవులు అప్పుడు వెలుగును. అనగా బిదరీయందు నలుపే నేల, నలుపే శోభ.

అట్టిదానికి చింతపండు పట్టించినచో ఏమగునో ఊహించుకొనవచ్చును. నలుపు లేచిపోయి పేలవమైన బూడిదరంగు లోహము మిగులును. ఇంటివారు “బాగా తోమితిమి” అని సంతోషించుటయు కలదు! బిదరీ వస్తువును మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ఒక్క చుక్క కొబ్బరినూనె రాచి, మరల తుడిచివేయుటకంటె అధికమైన సేవ చేయరాదు. వెండి రేకు ఊడిపోయిన చోట బంక పెట్టి అతికించుటకంటె, ఊడిన గాటును అట్లే ఉంచి బీదరు పనివానికి చూపుట మేలు. మంచి బిదరీ హుక్కా ఎట్లుండవలెనో కన్నులార చూడగోరువారు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమునకు పోవచ్చును. 1951 డిసెంబరు 16న ప్రారంభమైన ఆ ప్రదర్శనశాల బిదరీ విభాగమున ఒక్క గంట నిలిచినవాడు ఇంటికి వచ్చి చింతపండు ముట్టడు.

హుక్కా అనగానే ఢిల్లీ, ఆగ్రాలు తలపునకు వచ్చుట వాడుక. కాని ఈ విషయమున దక్కనుదే పెద్దరికము. పోర్చుగీసువారు తెచ్చిన పొగాకు పశ్చిమతీరమునుండి బిజాపురము చేరినది. అక్బరు కొలువులోని అసద్ బేగ్ బిజాపురమునకు దూతగా వచ్చి, 1604 ప్రాంతమున తిరిగిపోవుచు, పొగాకును, రత్నములు పొదిగిన పొగగొట్టమును చక్రవర్తికి కానుకగా కొనిపోయెను. వైద్యులు వలదనుచుండగనే అక్బరు రెండు మూడు దమ్ములు పీల్చి చూచెను. ఆయన కుమారుడు జహంగీరు 1617లో పొగత్రాగుటను నిషేధించెను. ఆ యాజ్ఞ ఆయుష్షు పొగ ఆయుష్షుకంటె అధికముగా ఉన్నట్లు కనబడదు.

హుక్కాను బాగుచేయుట వాచీ బాగుచేయుటవంటిది కాదు గాని, దానికిని ఒక క్రమము కలదు. అడుగున నీటి బుడ్డి, దానిపై నిలువు గొట్టము, గొట్టము కొనయందు నిప్పును పొగాకును పెట్టు చిలుము, ప్రక్కనుండి వంపులు తిరుగుచు వచ్చు మెత్తని గొట్టము, దాని చివర నోట పెట్టుకొను మునాల్. గాలి ఎక్కడ చొరబడుచున్నదో మొదట కనిపెట్టవలెను. బుడ్డిలో నీరు పోసి, పైకొనను అరచేతితో మూసి, మునాల్‌నుండి మెల్లగా పీల్చినచో బిగువు ఉన్నదీ లేనిదీ తెలియును. అతుకులవద్ద తడిగుడ్డ పేలిక చుట్టుట పూర్వుల పద్ధతి; అదియే నేటికిని మంచిది. నిలువు గొట్టములో తీగకు గుడ్డ చుట్టి పలుమార్లు దూర్చి లాగిన, తారువంటి నల్లని జిగట వచ్చును. దానిని చూచిన పిమ్మట కొందరు హుక్కా కోరిక మానుకొందురట. అదియు ఒక లాభమే. మెత్తని గొట్టమును మాత్రము బాగుచేయ ప్రయత్నింపరాదు. తోలు, గుడ్డ చుట్టిన పాతగొట్టములో ఏండ్లతరబడి బూజును, ఎవరెవరి ఉమ్మియో చేరియుండును. ప్రదర్శనకైనచో ఉంచవచ్చును, వాడుకకైనచో మమకారము విడిచి పారవేయవలెను. పూర్వపు మజ్లిసులలో ఒక్క హుక్కా చుట్టు పదిమంది కూర్చున్నను, మర్యాదస్థులు తమ తమ మునాల్‌ను జేబులో తెచ్చుకొనెడివారు. రోగక్రిములనుగూర్చిన శాస్త్రము పుట్టకమునుపే వారికి ఆ తెలివి ఉండెను.

హుక్కాలో పెట్టునది వట్టి ఆకు కాదు. పొగాకును దంచి బెల్లపు మడ్డితో కలిపిన ముద్ద. దానిని గుడాకు అందురు. నిప్పు దానిని నేరుగ కాల్చదు, వేడితో మ్రగ్గించును. పొగ నీటిగుండ వచ్చునపుడు కలుగు గుడగుడ ధ్వనినిబట్టియే పల్లెలలో దానికి గుడిగుడి యను పేరు వచ్చినది. పేరు పెట్టినవారి చెవి మెచ్చదగినది.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. చుట్టకు ఒక మనిషి చాలును. హుక్కాకు ఇద్దరు కావలెను. ఒకరు త్రాగుటకు, ఒకరు నిప్పులు మార్చి చిలుము నింపుటకు. రెండవవానికి హుక్కాబర్దారు అని పేరుకూడ ఉండెను. కడవెండి గ్రామము దేవరుప్పుల మండలములోనిది. జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉన్న ఆ దినములలో, 1946 జూలై 4న, విసునూరు దేశ్‌ముఖు మనుషులు జరిపిన కాల్పులలో దొడ్డి కొమరయ్య అచ్చట నేలకొరిగెను. కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు, చాకలి చాకిరి, సర్వమును వెట్టిగా సాగిన కాలమది. పెద్దల యెదుట రైతు తన చుట్టను వెనుకకు దాచుకొనెడివాడు. పెద్దల హుక్కాకు నిప్పులు మాత్రము ఎవరో ఒకరు అందించుచుండెడివారు. 1951 అక్టోబరులో సాయుధపోరాటము ముగియునాటికి వెట్టి నడ్డి విరిగినది. నేడు పాత హుక్కాను ఒడిలో పెట్టుకొని వెండిపూవులను మెరుగుపెట్టువాడు చిలుము అంచున కాలిన మచ్చను చూచునపుడు, ఆ నిప్పు తెచ్చినవాని వ్రేళ్లు కూడ తలపునకు వచ్చుట న్యాయము. ఆ మచ్చను తీయకుండుటయే ఉచితమని కొందరు సంగ్రాహకుల మతము. అది మంచి మతమే.

మట్టి చిలుము సంగతి ఇందుకు విరుద్ధము. కుమ్మరి సారెమీద పుట్టిన ఆ చిన్న గొట్టమునకు వెల లేదు, వంశము లేదు. బైరాగికిని, ఫకీరుకును అదియే ఆస్తి. గొట్టములోపల ఒక చిన్న గులకరాయి వేసి, నిప్పు నోటిలోనికి జారకుండ అడ్డుపెట్టుదురు. అడుగుకొనకు తడిగుడ్డ చుట్టి పిడికిలినుండి పొగ పీల్చుదురు. దానికి పట్టిన మసిని గీకనక్కరలేదు, కడుగనక్కరలేదు. పొయ్యిలోని కణకణలాడు నిప్పులలో కప్పిపెట్టినచో లోని జిడ్డంతయు కాలిపోయి మరునాటికి ఇటుకరంగున క్రొత్తదివలె వచ్చును. తొందరపడి నీటిలో వేయరాదు, పగులును. ఇంగ్లండులోని పూటకూళ్లయిండ్లలోను పొడుగుకాడల మట్టి పైపులను ఇనుపచట్రములో పేర్చి కొలిమిలో కాల్చి శుద్ధిచేసెడివారు. మసి యావత్తును నిస్సంకోచముగ తీసివేయదగినది ఈ మట్టి పైపు ఒక్కటియే.

ఇక కొయ్య పైపు. 1806లో సికిందరాబాదు దండు ఏర్పడిన తరువాత ఆంగ్లేయ సైనికోద్యోగులతోను, ఆ పిమ్మట రైలు ఉద్యోగులతోను ఇది ఈ దేశమునకు వచ్చినది. వారు పోయినను పైపులు కొన్ని మిగిలినవి. హైదరాబాదు జుమేరాత్ బజారువంటి పాతసామానుల సంతలలో విరిగిన గడియారముల నడుమ, మూతలేని సిరాబుడ్ల నడుమ నేటికిని ఓపికతో వెదకువానికి ఒక్కొక్కటి దొరకవచ్చును. మంచి పైపు చేయు కొయ్యను బ్రయర్ అందురు. మధ్యధరా సముద్రతీరమున పెరుగు ఒక పొదచెట్టు వేరుమొదట బుడిపెగా ఊరు ముద్ద అది. దానిని తవ్వితీసి, గంటలకొలది నీట ఉడికించి, నెలలకొలది ఆరబెట్టి, పిమ్మట తొలుచుదురు. ఫ్రాన్సు దేశమున జూరా కొండలలోని సెంట్ క్లోద్ పట్టణము 19వ శతాబ్ది నడుమనుండి ఈ పనికి పేరుపొందినది. నిప్పును కడుపులో పెట్టుకొని కాలకుండుట ఆ కొయ్య గొప్పతనము.

పాత పైపు చేతికి వచ్చినప్పుడు మొదట చేయవలసిన పని ఏమియు చేయకుండుట. వెలుగులో త్రిప్పి త్రిప్పి చూడవలెను. పొగాకు నింపు గిన్నెకు పగులున్నదా? అడుగు కాలి పలుచబడినదా? నోట పెట్టుకొను కాడ బిగిసి ఊడిరాకున్నచో బలము చూపరాదు. పైపు వెచ్చగా ఉన్నప్పుడు కాడను లాగినచో మెడ విరుగును; చల్లారిన పిదప మెల్లగా ఒకే దిక్కునకు త్రిప్పుచు తీయవలెను. మొండికేసినదానిని ఒక రాత్రి చల్లనిచోట ఉంచినచో తరచు దారికి వచ్చును.

గిన్నెలోపల బొగ్గు పొరవంటి మసి పేరుకొనియుండును. ఇచ్చటనే అనుభవము లేనివాడు తప్పుచేయును; కొయ్య కనబడువరకు గీకివేయును. ఆ పొర ఒక మేరకు కొయ్యకు కవచము. నిప్పు నేరుగా కొయ్యను తాకకుండ కాపాడునది అదియే. అయితే అది మితిమీరి దళసరియైనచో వేడికి వ్యాకోచించి గిన్నెను చీల్చివేయును. కావున పలుచని నాణెమంత మందము నిలిపి మిగిలినది తీయవలెను. మొన లేని మొద్దు చాకుతో, గరుకు కాగితము చుట్టిన వ్రేలితో, కొంచెము కొంచెముగా. ఈ పనిలో ఒక గంట గడచినది తెలియదు. మొద్దు శబ్దము పోయి చాకు నున్నగా జారుచున్నప్పుడు చేయి తానే ఆగును.

తరువాత వాసన. పూర్వుడు కాల్చిన పొగాకు దయ్యమువలె కొయ్యను పట్టుకొని ఉండును. గిన్నెలో దూది కూరి శుద్ధమైన సారాయము చుక్కలుచుక్కలుగా పోసి రాత్రియంతయు ఉంచినచో, తెల్లవారునాటికి దూది కాఫీవన్నె తిరుగును. వాసన పోవువరకు రెండుమూడు మారులు చేయవచ్చును. రంగు కలిపి అమ్ము స్పిరిటు మాత్రము వాడరాదు. అందు విషము కలదు. గొట్టపు రంధ్రములో నూలు చుట్టిన తీగను సారాయముతో తడిపి, తెల్లగా బయటికి వచ్చువరకు దూర్చవలెను. అది తెల్లగా వచ్చిన క్షణమున కలుగు తృప్తి, ఈ పని చేయనివారికి చెప్పి ఒప్పించుట కష్టము.

కాడ ఎబొనైటుతో చేసినది. రబ్బరును గంధకముతో గట్టిపరచినది అది. వెలుతురు సోకి సోకి ఆ గంధకము పైకి తేలి, నల్లని కాడ పాచిరంగుకు తిరుగును. నోట పెట్టినచో చేదు. నీరు తడిపిన గరుకు కాగితముతో మొదట ముతకది, పిదప సన్నది, ఆ పిదప మరింత సన్నది, ఇట్లు రుద్దుచుపోయినచో అడుగునుండి నిగనిగలాడు నలుపు తేలును. ఇచ్చట మురికి పచ్చన, ప్రాణము నలుపు. పంటిగాట్లకు సన్నని వేడి చూపినచో చిత్రముగ అవి తమంతట తామే పైకి ఉబ్బును. ఎబొనైటు తన మొదటి రూపమును మరువదు. కొయ్యకు పడిన నొక్కులపై తడిగుడ్డ పరచి ఇస్త్రీపెట్టె తాకించినచో ఆవిరికి నారలు ఉబ్బి నొక్కు లేచును. చివరగా తేనెమైనము రాచి ఉన్నిగుడ్డతో మెరుగుపెట్టవలెను. అప్పుడు కొయ్యలో దాగియున్న రేఖలు, అగ్నిశిఖలవలె, ఒక్కొక్కటిగా బయటపడును.

పైపు త్రాగుటలోని రుచి ఆకునుబట్టియు, ఓపికనుబట్టియు ఉండును. గుంటూరు సీమ బ్యారనులలో వేడిగాలికి పండించిన వర్జీనియా ఆకులో చక్కెర హెచ్చు. పొగ తేలిక, కాని తొందరపడినవాని నాలుకను కరచును. ఎండలో ఆరిన గోదావరి లంకపొగాకు ఘాటు వేరు. కన్యాశుల్కములో గిరీశము చుట్టను ఎంత కీర్తించినను, ఆ ఘాటును పైపులో నింపుకొన్నవాడు మరల కీర్తింపడు. ఆకును మూడు విడతలుగా, అడుగున వదులుగా, పైన కొంత బిగువుగా నింపుదురు. గట్టిగా పీల్చరాదు, ఆరిపోవునేమో అన్నంత మెల్లగా పీల్చవలెను. ఆరినచో మరల ముట్టించుట అవమానము కాదు. ఒకసారి కాల్చిన పైపునకు ఒక దినము విశ్రాంతి ఈయవలెను. కొయ్యలోని తేమ ఆరవలెను గదా.

ఇంతవరకు చెప్పిన నలుపులన్నియు చేతికి అందునవి. చేతికి అందనిది ఒకటి కలదు. పైపు పొగను రొమ్మునిండ పీల్చకపోయినను, అందలి నికోటిను నోటిపొరనుండియే రక్తమున కలియును. పెదవి, నాలుక, గొంతు క్యాన్సరులకు అది కారణము. హుక్కా నీరు పొగను చల్లబరచునే గాని విషమును వడగట్టదు. శ్రీకాకుళపు తీరమున స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల పెట్టుకొని కాల్చు అడ్డపొగ అలవాటువలన అంగిటికి క్యాన్సరు వచ్చుట వైద్యులు ఎన్నో యేండ్లుగా పరిశీలించి వ్రాసిన సంగతి. బహిరంగస్థలములలో పొగత్రాగుటను నిషేధించు కేంద్రచట్టము 2003లో వచ్చినది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కాశాలలను నిషేధించు బిల్లును ఆమోదించినది. ఊపిరితిత్తులకును అంగిటికిని పట్టిన మసిని ఏ సారాయపు దూదియు తీయలేదు, ఏ గరుకు కాగితమును పనికిరాదు.

అందువలననే కాబోలు, పాత పైపులు బాగుచేయువారిలో కొందరు ఇప్పుడు వానిని ముట్టింపరు. మసి గీకి, కాడ మెరుగుపెట్టి, మైనము రాచి, ఒకసారి ఖాళీగా నోట పెట్టుకొని గాలి చక్కగా ఆడుచున్నదని తెలిసికొని, అంతటితో పెట్టెలో పెట్టుదురు. పొగత్రాగువారు దీనిని చూచి నవ్వుదురు. వీణను బాగుచేసి శ్రుతిచేసి వాయింపనివానిని చూచినట్లు వారికి ఉండును. ఆ నవ్వులో కొంత నిజము లేకపోలేదు. పైపు నిప్పుకై పుట్టినది. కాని దినమంతయు కూర్చుండి చేసిన పనిలో, ముట్టించిన పిదప గడచునది అరగంటయే. సంతోషములో పెద్దభాగము అంతకుముందే చేతికి వచ్చియున్నది.

అట్లు బాగుచేసినవానిని దాచుటలోను కొంత జాగ్రత్త అవసరము. ఎబొనైటు కాడ కిటికీ వెలుతురు తగులునట్లు ఉండరాదు, మరల పాచిరంగు తిరుగును. ఇత్తడి బుడ్డిని కడిగిన పిమ్మట లోపల తడి ఉంచరాదు. బిదరీకి ఏడాదికి ఒకసారి నూనెగుడ్డ చాలును. మట్టి చిలుములోని గులకరాయిని వేరుగా కాగితములో చుట్టి, పైన గుర్తు వ్రాసి ఉంచవలెను. పాతసామానులలో అన్నిటికంటె ముందు పోవునది అదియే; ఊడ్చువారు దానిని ధూళితో వచ్చిన రాయి అనుకొని పారవేయుదురు.